స్కరూరెఁ: నూస్ నది నుంచి నయాగరా దాకా ఏడు రోజులు

మొదటి రోజు: రాలీ నుంచి స్నో హిల్

మా మనవరాలు నాలుగో తరగతిలో వేసిన చార్టు ఒకటి వాళ్లింట్లో ఫ్రిజ్‌కు అంటించి ఉంది. నార్త్ కరోలినా పటం, అందులో నీలిరంగులో నూస్ నది, నది పక్కన పెద్ద అక్షరాలతో 'టస్కరోరా', ఒకప్పుడు ఈ నది వెంట బతికిన ఆదివాసీ జాతి పేరు. నేనూ మా ఆవిడా అమెరికా వచ్చిన మూడో రోజున ఆ చార్టు ముందు నిలబెట్టి, "తాతా, మనం తాగే నీళ్లు వాళ్ల నదివే" అంది. నిజమే. రాలీ నగరం తాగేది ఫాల్స్ లేక్ నీళ్లు, ఆ జలాశయం నూస్ మీద కట్టిందే. చుట్టుపక్కల వేల తెలుగు కుటుంబాలున్నాయి. ఈ నది ఎవరిదో నాకు ఒక పదేళ్ల పిల్ల చెప్పేదాకా తెలియలేదు.

"వాళ్లిప్పుడు ఎక్కడున్నారు?" అని అడిగాను.

"నయాగరా దగ్గర."

నయాగరా ఎలాగూ చూడాలి. అమెరికా వచ్చిన తల్లిదండ్రులందరినీ పిల్లలు అక్కడికి తీసుకెళ్తారు. మా అల్లుడికి వారం రోజులు సెలవు దొరికింది. విమానం వద్దు, వాళ్లు వెళ్లిన దిక్కునే కారులో పోదాం అన్నాను. "ఎనిమిది వందల మైళ్ల పైమాటే మామయ్యా, మీ నడుం పట్టేస్తుందేమో" అన్నాడు గానీ, ఆ రాత్రే దారి గీసి పెట్టాడు.

జూలై ఎండ మన చైత్రం ఎండలా ఉంది. రాలీ నుంచి ఆగ్నేయంగా గంటన్నర పోతే గ్రీన్ కౌంటీ, అందులో స్నో హిల్ అనే చిన్న ఊరు. పొగాకు, సోయా, చిలగడదుంప పొలాలు. ఊరు దాటాక రోడ్డు పక్కన ఒక స్మారకం ఉంది. నెయోహెరోకా అనే టస్కరోరా కోట ఉండిన చోటికి గుర్తు అది.

ఇక్కడ జరిగింది క్లుప్తంగా చెప్పలేను. 1700 ప్రాంతంలో టస్కరోరాలు ఈ నేలలో అందరికన్నా పెద్ద జాతి. నూస్, పామ్లికో నదుల వెంట వాళ్ల ఊళ్లుండేవి. యూరప్ నుంచి వచ్చినవాళ్లు నేలలు ఆక్రమించారు, సరుకుల్లో మోసం చేశారు, అన్నిటికన్నా ఘోరంగా పిల్లల్ని ఎత్తుకుపోయి బానిసలుగా అమ్మారు. 1711 సెప్టెంబరులో దక్షిణపు ఊళ్లవాళ్లు తిరగబడ్డారు. రెండేళ్ల యుద్ధం చివర, 1713 మార్చిలో, సౌత్ కరోలినా నుంచి కర్నల్ జేమ్స్ మూర్ నడిపిన సైన్యం ఈ కోటను ముట్టడించింది. ఆ సైన్యంలో ఎక్కువమంది వేరే ఆదివాసీ తెగల యోధులే. లోపల ఆడవాళ్లు, పిల్లలు నేలలో తవ్వుకున్న గుహల్లో దాక్కున్నారు. మార్చి 23న కోట పడింది. చచ్చినవాళ్లు, పట్టుబడి బానిసలైనవాళ్లు కలిపి తొమ్మిది వందల పైచిలుకు.

1990ల్లో ఈస్ట్ కరోలినా విశ్వవిద్యాలయం వాళ్లు ఇక్కడ తవ్వకాలు జరిపారు. 2013లో, మూడు వందల ఏళ్లు నిండినప్పుడు, ఈ స్మారకం పెట్టారు. ఆ రోజు న్యూయార్క్ నుంచి టస్కరోరాలు వచ్చి పూర్వీకులను తలుచుకున్నారు.

మా ఆవిడ ఏమీ అనలేదు. చెప్పులు విప్పి గట్టున పెట్టి, స్మారకం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

రెండో రోజు: న్యూ బెర్న్, ఇండియన్ వుడ్స్

రాత్రి బస న్యూ బెర్న్‌లో. నూస్, ట్రెంట్ నదులు కలిసే చోట అందమైన ఊరు. 1710లో స్విస్, జర్మన్ వలసదారులు ఇక్కడ దిగారు. అప్పటికే ఇక్కడ ఆదివాసుల ఊరు ఉండేది.

ఈ ఊరితో ముడిపడిన జాన్ లాసన్ గురించి ఉదయమంతా ఆలోచించాను. ఆయన ఈ కాలనీకి సర్వేయర్. నేలలు కొలిచి, గీతలు గీసి, కొత్తగా వచ్చినవాళ్లకు పంచిపెట్టే ఉద్యోగం. టస్కరోరాలు 1711లో మొదట పట్టుకుని చంపింది ఆయన్నే. కానీ 1709లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో టస్కరోరా మాటల పట్టిక ఉంది: అంకెలు, వస్తువులు, జంతువులు, చిన్నచిన్న వాక్యాలు. ఈ భాషకు అచ్చులో దొరికే తొలి మాటలు అవే. నేలను కొలిచిన చెయ్యే మాటల్నీ రాసిపెట్టింది. నేను ముప్పై మూడేళ్లు తెలుగు పంతులుగా పనిచేశాను. ఒక భాషకు మొదటి పదకోశం రాసిన మనిషి మీద నాకు గౌరవం పుడుతుంది. లాసన్ విషయంలో ఆ గౌరవం గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

మధ్యాహ్నానికి ఉత్తరంగా బెర్టీ కౌంటీ చేరాం. రోనోక్ నది వైపు తుమ్మచెట్లంత దట్టంగా పైన్ చెట్లు. ఈ ప్రాంతాన్ని ఇప్పటికీ ఇండియన్ వుడ్స్ అంటారు. యుద్ధంలో చేరని ఉత్తరపు ఊళ్లకు నాయకుడు టామ్ బ్లంట్. ఆయన మనుషులకు 1717లో ఇక్కడ నేల కేటాయించారు. అయినా ఏడాదికేడాది వేలి కొసలు కోసినట్టు ఆ నేల తరిగిపోయింది. 1803 నాటికి చివరి కుటుంబాలు కూడా నేల కౌళ్లకిచ్చి ఉత్తరానికి నడిచాయి. అందరూ పోలేదు. ఈ రాష్ట్రంలో నేటికీ మేం టస్కరోరా సంతతి అని చెప్పుకునే వాళ్లున్నారు.

చూడటానికి ఇక్కడ ఏమీ లేదు. రోడ్డు పక్కన ఒక బోర్డు, అంతే. మనవరాలు దాన్ని గట్టిగా చదివింది. కారెక్కాం.

మూడో రోజు: వాషింగ్టన్

నేషనల్ మ్యూజియం ఆఫ్ ది అమెరికన్ ఇండియన్ 2004లో తెరిచారు. గోడలకు మూలలు లేవు, గాలికి అరిగిన కొండలా ఉంటుంది. బయట మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి నాటిన మడి ఉంది. మొక్కజొన్న కర్రకు చిక్కుడు తీగ అల్లుకుంటుంది, గుమ్మడి ఆకులు నేలను కప్పి తేమ పట్టి ఉంచుతాయి. ఈ మూడింటినీ ముగ్గురు అక్కచెల్లెళ్లు అంటారు. మా ఆవిడ మడి పక్కన కూర్చుని, "మా నాయన కందిలో జొన్న వేసినట్టే" అంది.

నా మనసు మాత్రం ఈ నగరంలో యాభై ఏళ్ల పాటు బల్ల ముందు కూర్చున్న ఒక మనిషి మీద ఉంది. పేరు జె.ఎన్.బి. హ్యూయిట్. 1859లో నయాగరా పక్కన లూయిస్టన్ దగ్గర పుట్టాడు. తల్లి వైపు టస్కరోరా రక్తం. ఇంట్లో మాత్రం ఇంగ్లీషే మాట్లాడేవాళ్లు. ఊరు దాటి బడికి వెళ్లాక, అక్కడ చదువుకునే తోటి టస్కరోరా పిల్లల దగ్గర ఈ భాష నేర్చుకున్నాడు. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. భాష అంటే ఉగ్గుపాలతో రావాలి అంటాం. ఈయనకు తోటి పిల్లల నోటి నుంచి వచ్చింది. అదే ఆ భాషను నిలబెట్టింది.

1880లో ఎర్మిని స్మిత్ అనే పరిశోధకురాలు ఈయన్ను సహాయకుడిగా పెట్టుకుంది. 1886లో ఆమె పోయాక, ఆ పని కొనసాగించడానికి స్మిత్సోనియన్ అనే పరిశోధన సంస్థ వారి బ్యూరో ఆఫ్ అమెరికన్ ఎథ్నాలజీలో, అంటే ఆదివాసీ జాతుల అధ్యయన విభాగంలో, చేరాడు. 1937లో కన్నుమూసేదాకా అక్కడే. పెద్దవాళ్ల దగ్గర కూర్చుని కథలు, సృష్టి గాథలు, మాటలు, వాటి వేర్లు రాసుకున్నాడు. అచ్చయింది కొంతే. మిగిలింది చేతిరాత కాగితాలుగా స్మిత్సోనియన్ భాండాగారంలో ఉంది. ఆయన పోయి అరవై ఏళ్లు దాటాక, 1999లో, బ్లెయిర్ రూడ్స్ అనే భాషావేత్త టస్కరోరా నిఘంటువు తెచ్చినప్పుడు ఆ కాగితాలే పెద్ద ఆధారం.

ఒక భాష మాట్లాడేవాళ్లలోంచే ఒకడు దాన్ని రాయడానికి కూర్చోవడం వేరు. బయటివాడు మాట అడిగి అర్థం రాసుకుంటాడు. లోపలివాడికి ఆ మాట ఎప్పుడు అనకూడదో కూడా తెలుస్తుంది.

రాత్రి హోటల్లో మనవరాలికి ఈ భాష గురించి చెప్పాను. ఇందులో 'ప, బ, మ' లేవు. అరువు మాటల్లో తప్ప రెండు పెదవులు కలవనే కలవవు. మన అవధానులు నిరోష్ఠ్యం అని ఇచ్చే కష్టమైన షరతు ఉంది కదా, పెదవులు తాకకుండా పద్యం చెప్పడం. ఒక జాతి మొత్తం అలాగే మాట్లాడేది. 'ఉ', 'వ'లు మాత్రం వాళ్లకూ ఉన్నాయి, కాబట్టి అవధాని నిరోష్ఠ్యం అంత కఠినం కాదు.

"అయితే అమ్మ అని ఎలా అంటారు?" అంది మనవరాలు, పెదవులు తాకకుండా 'అమ్మ' అనడానికి ప్రయత్నిస్తూ. అలా ప్రయత్నిస్తూనే నిద్రపోయింది.

నాలుగో రోజు: కానెస్టోగా, కార్లైల్

ఈ రోజు గురించి ఎక్కువ రాయాలి.

పెన్సిల్వేనియాలో లాంకస్టర్ దగ్గర కానెస్టోగా అనే చోటు ఉంది. 1710 జూన్‌లో, యుద్ధానికి ఏడాది ముందు, టస్కరోరా దూతలు ఇక్కడికి వచ్చారు. పిల్లల్ని ఎత్తుకుపోవడం భరించలేక, కరోలినా వదిలి పెన్సిల్వేనియాలో బతకనిమ్మని అడగడానికి. కాగితం మీద అర్జీ రాయలేదు. ఎనిమిది వాంపమ్ పట్టీలు తెచ్చారు. సముద్రపు గుల్లల నుంచి చెక్కిన తెలుపు, ఊదా పూసలతో అల్లిన పట్టీలవి. ఒక్కో పట్టీ ఒక్కో మాట. కాలనీ ప్రతినిధులు ఆ మాటల్ని రాసుకున్నారు కాబట్టి మనకు మిగిలాయి.

మొదటి పట్టీ ముసలి ఆడవాళ్లు, తల్లులు పంపింది. కట్టెలు, నీళ్లు తెచ్చుకోవడానికి భయం లేకుండా వెళ్లే స్నేహం కావాలన్నారు. రెండోది పిల్లలది, పుట్టినవాళ్లదీ ఇంకా పుట్టాల్సినవాళ్లదీ. చావు గానీ బానిసత్వం గానీ వస్తుందన్న భయం లేకుండా ఆడుకోవడానికి చోటు ఇమ్మన్నారు. మూడోది యువకులది, ఊరు దాటి వేటకు పోయి ముసలివాళ్లకు తిండి తెచ్చే స్వేచ్ఛ కోసం.

పెన్సిల్వేనియా అధికారులు ఏమన్నారు? మీరు మంచివాళ్లని కరోలినా ప్రభుత్వం నుంచి ఒక సర్టిఫికెట్ తెండి అన్నారు. తమ పిల్లల్ని ఎత్తుకుపోతున్న చోటికే వెళ్లి సత్ప్రవర్తన పత్రం తెచ్చుకోమన్నమాట. మరుసటి ఏడాది యుద్ధం మొదలైంది.

కానెస్టోగాలో ఇప్పుడు మొక్కజొన్న చేలు, ఎర్ర కొట్టాలు. చేల మధ్య రోడ్డు పక్కన కారు ఆపుకుని పులిహోర తిన్నాం. మనవరాలు చేను గట్టున పరిగెత్తుతుంటే మా అమ్మాయి "దూరం పోకు" అని అరిచింది. రెండో పట్టీ అడిగింది ఈ పరుగునే.

అక్కడి నుంచి గంటన్నరలో కార్లైల్. 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి ఇక్కడి పాత బారకాసుల్లో ఆదివాసీ పిల్లలకు బడి పెట్టాడు. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, ఇంటి భాష మాట్లాడితే శిక్షించారు. 1918లో మూసేదాకా దేశం నలుమూలల నుంచి వేలమంది పిల్లల్ని తెచ్చారు. వాళ్లలో టస్కరోరా పిల్లలూ ఉన్నారు. ఇప్పుడు అది సైనిక కళాశాల. రోడ్డు వైపు అంచున చిన్న శ్మశానం. ఒకే కొలతలో తెల్ల రాళ్లు, ఒకప్పుడు నూట ఎనభైకి పైగా. కొన్నిటి మీద పేరు కూడా లేదు. ఈమధ్య కొన్నేళ్లుగా కొందరు పిల్లల అస్థికలను వాళ్ల కుటుంబాలు, తెగలు తిరిగి తీసుకెళ్తున్నాయి. 2024 డిసెంబరులో ఈ చోటును జాతీయ స్మారకంగా ప్రకటించారు.

ఒక భాష ఎందుకు ఆగిపోతుంది అని అడిగేవాళ్లు ఈ రాళ్ల దగ్గరికి రావాలి. మాట్లాడేవాళ్లు వదిలేశారు అంటారు తేలిగ్గా. బడిలో దెబ్బలు తిన్న పిల్ల పెద్దదై తల్లయ్యాక, తన బిడ్డకు ఆ దెబ్బలు తగలకూడదని నోరు కట్టేసుకుంటుంది. ప్రేమతోనే కట్టేసుకుంటుంది. మా స్కూల్లోనూ తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే రోజులు చూశాను, అది దీని పక్కన పెట్టదగ్గది కాదు. అయినా మా పిల్లలు ఇంట్లో తెలుగు తగ్గించింది ఎవరి మంచి కోసం అనుకుని నేను ఊరుకున్నానో, ఆ రాళ్ల ముందు నాకు బాగా గుర్తొచ్చింది.

ఐదో రోజు: కొండల దారి

రోజంతా ప్రయాణమే. జునియాటా నది పక్కన పోతుంటే ఎడమ వైపు పొడుగ్గా సాగిన ఒక కొండ. బోర్డు చూసి మనవరాలు కేక పెట్టింది: టస్కరోరా మౌంటెన్. కరోలినా నుంచి ఉత్తరానికి పోతూ వాళ్లు కొన్నేళ్లు ఈ లోయల్లో ఆగారు. కొండకు, వాగుకు, అడవికి ఆ పేరు ఉండిపోయింది. యుద్ధం తర్వాత హొడినొషోనీ సమాఖ్య, అంటే మొహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా జాతుల కూటమి, వీళ్లను పిలిచి చోటిచ్చింది. 1722 ప్రాంతంలో ఐదు జాతులు ఆరయ్యాయి. భాషలు కూడా దూరపు చుట్టాలే. 'మూడు'కు టస్కరోరాలో అహ్సెఁ, మొహాక్‌లోనూ దాదాపు అంతే. 'ఐదు' రెండింటిలోనూ విస్క్. మనం 'మూడు' అంటే కన్నడిగులు 'మూరు' అన్నట్టు.

సాయంత్రం పెద్ద వాన. వైపర్లు ఆడుతున్నా దారి కనబడక అందరికీ టెన్షన్. రాత్రి పదకొండుకు బఫెలో చేరాం.

ఆరో రోజు: నయాగరా, లూయిస్టన్

జలపాతం చూశాం. తడిశాం. దాని గురించి మీలో చాలామంది రాశారు, నేను రాయను. ఒక్క మాట మాత్రం. పందొమ్మిదో శతాబ్దమంతా ఈ జలపాతం దగ్గర టస్కరోరా ఆడవాళ్లు కూర్చుని పూసలపని అమ్మేవాళ్లు. బట్ట మీద పూసలు ఉబ్బెత్తుగా లేచేటట్టు కుట్టడం వాళ్ల ప్రత్యేకత. పక్షులు, పూలు, సూదులు గుచ్చే చిన్న దిండ్లు. నేల పోయి, మగవాళ్ల వేట పోయిన కాలంలో కుటుంబాలను ఈ సూదిమొనే పోషించింది.

జలపాతం నుంచి ఏడు మైళ్లు ఉత్తరంగా లూయిస్టన్. ఊరి నడిమధ్యలో కంచు విగ్రహాలు: ఇద్దరు టస్కరోరా మగవాళ్లు, వాళ్ల ఆసరాతో పారిపోతున్న ఒక తల్లి, బిడ్డ. 1813 డిసెంబరు 19న బ్రిటిష్ సైన్యం, వాళ్ల మిత్రులు ఈ ఊరిని తగలబెట్టారు. కొండ మీద ఊళ్లో ఉన్న కొద్దిమంది టస్కరోరాలు కేకలు పెడుతూ కిందికి దిగి, తాము చాలామంది ఉన్నట్టు భ్రమింపజేసి, జనం తప్పించుకునేదాకా దాడిని ఆపారు. తర్వాత వాళ్ల సొంత ఊరు తగలబడింది. సరిగ్గా రెండు వందల ఏళ్లకు, 2013 డిసెంబరు 19న, ఊరివాళ్లు ఈ విగ్రహాలు పెట్టి ధన్యవాదాలు చెప్పారు.

అక్కడి నుంచి కొండ పైకి, టస్కరోరా రిజర్వేషన్‌కు. ఇక్కడ 'రిజర్వేషన్' అంటే మనం అనుకునేది కాదు, ఆదివాసులు ఉండే నేల. ఇందులో కొంత సెనెకాలు ఇచ్చింది, కొంత హాలండ్ ల్యాండ్ కంపెనీ ఇచ్చింది. 4,329 ఎకరాలు మాత్రం 1804లో సొంత డబ్బుతో కొన్నది. ఆ డబ్బు ఎక్కడిది? కరోలినాలో, మనం రెండో రోజు చూసిన ఆ అడవుల్లో, వదులుకున్న నేలకు వచ్చిన డబ్బు.

ఆ కొన్న నేల అంచున ఒక పొడుగాటి రాతికట్ట, వెనక నీళ్లు. లూయిస్టన్ జలాశయం, 1,900 ఎకరాలు.

నయాగరా నీళ్లకు 1950 నాటి ఒప్పందం ఒకటి ఉంది. పర్యాటకుల కాలంలో పగటిపూట సెకనుకు లక్ష ఘనపుటడుగుల నీళ్లు జలపాతం మీద పడాలి. రాత్రి అందులో సగం చాలు. మిగిలిన నీళ్లను సొరంగాల్లోంచి తెచ్చి, ఈ జలాశయంలోకి ఎత్తిపోసి, పగలు వదిలి కరెంటు తీస్తారు. మన నాగార్జునసాగర్‌లో నీళ్లు వెనక్కి తోడినట్టే. 1956లో నయాగరా ఒడ్డున పాత విద్యుత్ కేంద్రం కూలిపోయింది. కొత్తది కట్టే బాధ్యత న్యూయార్క్ రాష్ట్ర విద్యుత్ సంస్థ అధిపతి రాబర్ట్ మోజెస్‌ది. జలాశయానికి రిజర్వేషన్‌లో 1,383 ఎకరాలు కావాలన్నారు. టస్కరోరాలు అమ్మేది లేదన్నారు. 1958లో సర్వేకు వచ్చిన బండ్లకు అడ్డంగా ఆడవాళ్లు, పిల్లలు నిలబడ్డారు. నాయకుల్లో ఒకరు క్లింటన్ రికార్డ్, 1926లోనే ఆదివాసుల హక్కుల కోసం ఇండియన్ డిఫెన్స్ లీగ్ స్థాపించినవాడు.

కేసు సుప్రీం కోర్టుకు పోయింది. 1960 మార్చి 7న తీర్పు. రిజర్వేషన్ భూములకు చట్టంలో రక్షణ ఉంది గానీ, ఈ భూమి టస్కరోరాలు సొంతంగా కొనుక్కున్నది, దీని మీద హక్కు అమెరికా ప్రభుత్వానిది కాదు, కాబట్టి ఆ రక్షణ దీనికి వర్తించదు అన్నారు. దానంగా ఇచ్చిన నేలైతే మిగిలేదేమో. డబ్బు పెట్టి కొన్నది కాబట్టి పోయింది. జస్టిస్ హ్యూగో బ్లాక్ ఒప్పుకోలేదు. గొప్ప మనుషుల్లాగే గొప్ప దేశాలు కూడా మాట నిలబెట్టుకోవాలి అని రాశాడు. ఆయనతో ఇద్దరే ఉన్నారు. చివరికి 550 ఎకరాల దాకా మునిగింది.

మాది సంగమేశ్వరం దగ్గర ఊరు. 1981లో శ్రీశైలం నీళ్లు వచ్చినప్పుడు నేను యువకుణ్ని. ఎండాకాలం కృష్ణ తగ్గినప్పుడు ఇప్పటికీ కొన్ని గోడలు బయటపడతాయి, వెళ్లి చూసి వస్తాం. ఆ కట్ట కింద నిలబడి మా ఆవిడను అడిగాను, "ఇది ఎప్పుడైనా ఎండుతుందా?"

"ఇది రాత్రి నిండి పగలు తగ్గే నీళ్లు కదా. నేల కనబడదు" అంది.

ఏడో రోజు: వైట్ కార్న్ సూప్

జూలైలో టస్కరోరా నేషన్ వాళ్లు తమ నేల మీద ఏటా పిక్నిక్ చేసుకుంటారు. బయటివాళ్లూ రావచ్చు. మేం వెళ్లేసరికి లాక్రోస్, చివర వల ఉన్న కర్రలతో బంతి విసురుకునే ఆట, నడుస్తోంది. చెట్ల కింద పూసలపని పరిచి ఉంది. ఒక పెద్ద గిన్నె ముందు వరుస. మేమూ నిలబడ్డాం.

సూప్ పోస్తున్నావిడకు డెబ్బై పైనే ఉంటాయి. ఆవిడ టస్కరోరా జాతిదే, తాబేలు వంశం. వీళ్లకు వంశం తల్లి నుంచి వస్తుంది. నాయకుణ్ని ఎంచేదీ వంశపు పెద్ద తల్లే. సూప్ గురించి అడిగితే గరిటె పక్కన పెట్టి మరీ చెప్పింది. తెల్ల మొక్కజొన్న గింజల్ని కట్టెల బూడిద కలిపిన నీళ్లలో ఉడికించాలి. పొట్టు ఊడిపోతుంది. బుట్టలో వేసి బూడిద పోయేదాకా కడగాలి. మళ్లీ గంటల తరబడి ఉడికించి, చిక్కుడు గింజలు, పంది మాంసం వేయాలి. మేం మాంసం తినమని తెలిసి, లోపలి నుంచి ఉడికించిన గింజలు మాత్రం తెచ్చి పెట్టింది. మా ఆవిడ నోట్లో వేసుకుని "గుడాలు!" అంది. ఆ మాట ఆవిడకు అర్థం కాలేదు, కానీ రెండో గిన్నె నింపింది.

ఈ విత్తనం కరోలినా నుంచి తమ పూర్వీకులు మోసుకొచ్చిందే అంటారు వాళ్లు.

నేను భాష గురించి అడిగాను. ఉగ్గుపాలతో నేర్చుకున్న చివరి మనిషి 2020లో పోయారు. ఆ సంగతి చదివే వచ్చాను. "అయితే చచ్చిపోయిందని రాస్తారు" అంది ఆవిడ. "మా మనవలు బడిలో ఆ మాటలతోనే రోజు మొదలుపెడతారు. చచ్చినదాంట్లో ఎవరైనా నమస్కారం పెడతారా?"

రిజర్వేషన్‌లో టస్కరోరా ఇండియన్ స్కూల్ ఉంది. అక్కడ పిల్లలకు ఈ భాష చెబుతారు. అంకెలు, రంగులు, వంశాల పేర్లు, ఆ తర్వాత నేలకు, నీళ్లకు, మొక్కలకు, గాలికి వరసగా కృతజ్ఞత చెప్పే మాటలు. అవి దాటి వాక్యాల్లోకి పోవడమే కష్టం. మనకు క్రియ చివర 'ను, వు, రు' చేరి చేసిందెవరో చెబుతాయి. వీళ్లకు అది క్రియ ముందు చేరుతుంది, పైగా ఎవరు ఎవరికి చేశారో రెండూ ఒకే ముక్కలో ఉంటాయి. ఒక్క మాటే ఒక వాక్యం. చిన్నప్పటి నుంచి విననివాళ్లకు అది పట్టుబడాలంటే ఏళ్లు పడుతుంది. అయినా పడుతున్నారు. పొద్దున ఉద్యోగం, సాయంత్రం హ్యూయిట్ రాతలు, పాత రికార్డింగులు.

చెట్టు కింద మనవరాలు ముగ్గురు పిల్లలతో కలిసిపోయింది. లాక్రోస్ బంతి విసురుకుంటూ లెక్కపెడుతున్నారు. మూడోసారి "అహ్సెఁ", ఐదోసారి "విస్క్". మా పిల్లకు 'విస్క్' బాగా వచ్చింది, 'అహ్సెఁ'లో చివరి ముక్కు ధ్వని రావడం లేదు. వాళ్లలో చిన్నది వచ్చి తన ముక్కు పట్టుకుని చూపించింది. హ్యూయిట్ నేర్చుకుంది ఇలాగే కదా అనిపించి నేను లేచి దగ్గరికి వెళ్లలేదు, ఆట చెడుతుందని.

వెళ్లేముందు సూప్ పోసినావిడ, "మీ లిపిలో మా పేరు రాయగలరా?" అని అడిగింది. తమను తాము వాళ్లు స్కరూరెఁ అంటారు. అడవి జనుము లాంటి నార మొక్కను సేకరించేవాళ్లని అర్థం చెబుతారు. చివరి అచ్చు ముక్కుతో పలకాలి, ఆ తర్వాత గొంతులో గాలి ఒక్క క్షణం ఆగాలి. కాగితం రుమాలు మీద పెద్దగా రాశాను. ఆగిన గాలికి మన దగ్గర గుర్తు లేదు. ముక్కు ధ్వనికి ఉంది. చివర అరసున్న పెట్టాను.

"ఈ అర్ధచంద్రం ఏమిటి?"

ముక్కుతో పలకమని చెప్పే గుర్తు అన్నాను. మా పాత పుస్తకాల్లో ఉండేది, ఇప్పుడు మేం రాయడం మానేశాం, బళ్లో నేర్పడం కూడా మానేశాం అన్నాను.

"మాకు పనికొస్తుంది" అంది ఆవిడ. గాలికి ఎగరకుండా రుమాలును ఉప్పు డబ్బా కింద పెట్టి, వరసలో మా వెనక నిలబడ్డ పిల్లాడి గిన్నె అందుకుంది.